చప్పుడు లేని పెట్టె

నా కుడి మణికట్టు కాస్త వంకర. మా కంపెనీలో నా తర్వాత చేరిన పిల్లలు ఎప్పుడైనా ఇంటికొస్తే, కాఫీ అందిస్తున్నప్పుడు వాళ్ళ చూపు దాని మీదే పడుతుంది. "హై ఓల్టేజి ప్రమాదమా మేడం?" అని భక్తిగా అడుగుతారు. ముప్పై ఏళ్ళు వేల ఓల్టులతో వేగిన మనిషి కదా, వెనకాల ఏదో వీరగాథ ఉంటుందని వాళ్ళ ఆశ. "కాదు నాయనా, దుడ్డుకర్ర దెబ్బ" అంటాను. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి.

ఆ దెబ్బ కొట్టినాయన చర్ల అవతల అడవి పల్లెలో మొక్కజొన్న వేసుకునే రైతు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రోజు ఆయన కొట్టకపోతే ఇప్పుడిది రాయడానికి నేను లేను. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు సగం విని కాఫీ తాగి వెళ్ళిపోతున్నారు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీలో యంత్రాలు గీసేవాళ్ళుంటే చివరిదాకా చదవండి. లేనివాళ్ళు కూడా చదవండి, ఇందులో లెక్కలేం లేవు.

మాది మధిర దగ్గర పల్లె. చదువైపోయాక హైదరాబాదులో కొన్నాళ్ళు హై ఓల్టేజి పల్సు జనరేటర్లు తయారు చేసేచోట పనిచేశాను. పేరు చూసి భయపడకండి. కరెంటును కొద్దికొద్దిగా కూడబెట్టి, కూడబెట్టిందంతా కంటి రెప్పపాటులో వెయ్యో వంతు సేపట్లో ఒక్కసారిగా విసిరేసే యంత్రమది. అక్కడ మేం చేసినవి గది నిండా ఉండేవి. తర్వాత ఖమ్మంలో ఒక చిన్న కంపెనీవాళ్ళు డిజైన్ విభాగం పెడుతున్నారంటే సొంత జిల్లా కదా అని వచ్చి చేరాను. విభాగమంటే మీరు పెద్ద హాలు ఊహించుకోకండి. రేకుల షెడ్డులో ఒక మూల నేను, ఇంకో మూల కాయిళ్ళు చుట్టే వైండింగ్ మేస్త్రి, జీపులో తిరిగే ఫీల్డు టెక్నీషియన్. ముగ్గురమే.

గది నిండా ఉండే యంత్రాన్ని చేతిలో పట్టేంత చెయ్యడమే అక్కడ నా పని. అంత చిన్న పల్సు జనరేటర్ ఎవరికి కావాలంటారా? పొలానికి కంచె కట్టేవాళ్ళకి. అడవి అంచున మొక్కజొన్న కంకి పాలు పోసుకుందంటే చాలు, అడవిపందులు వాసన పట్టి దిగుతాయి. ఒక్క పూటలో ఎకరం దున్నేసి పోతాయి. దానికి అక్కడివాళ్ళు కనిపెట్టిన మందు కొక్కెం తీగ. దారి పక్కన పోయే కరెంటు లైనుకు ఒక కొక్కెం తగిలించి, పొలం చుట్టూ తీగ లాగుతారు. సాయంత్రం తగిలించి పొద్దున్నే తీసేస్తారు. పంది చస్తుంది, నిజమే. కానీ తీగకు పందేదో మనిషేదో తెలియదు కదా. నేను చెప్పబోయే ఊరి పక్క ఊళ్ళో, అంతకు ముందు వానాకాలం పుట్టగొడుగులకని తెల్లవారకముందే బయల్దేరిన ఒకాయన ఎవరిదో పొలం గట్టు దాటుతూ తీగ మీద పడిపోయాడు. చంపినవాడూ చచ్చినవాడూ దగ్గర చుట్టాలే.

లైను కరెంటు మనిషిని పట్టుకుంటుంది, వదలదు. మా పల్సు అలా కాదు. చెంప మీద ఒక్కటిచ్చి చెయ్యి తీసేస్తుంది. సెకనుకోసారి ఒక దెబ్బ, మధ్యలో ఏమీ ఉండదు. పంది కెవ్వుమని పారిపోతుంది, మనిషి అమ్మా అని చెయ్యి లాక్కుంటాడు, అంతే. ఎవరూ చావరు. ఈ పెట్టెను ఆ ఊళ్ళో నిలబెట్టి, కొక్కేలు మాన్పించాలన్నది నా పట్టుదల. నేను చాలా యంత్రాలు చేశాను గానీ, ఇది పనిచేస్తే ఇంతమంది బతుకుతారని వేలు పెట్టి చూపించగలిగింది అదొక్కటే.

మొదటిసారి మేం తీసుకెళ్ళిన నమూనా ఇనప పెట్టె. ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలదు. ఊరి ముందు దించగానే ఆ రైతు భార్య చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. మాట మాత్రం సూటిగా వస్తుంది.

"వాగొస్తే దీన్ని ఎవడు మోస్తడు?" అంది.

"వాగొస్తే మోయడమెందుకు? ఇక్కడే ఉంటుంది కదా" అన్నాను.

"పొలం వాగవతల, ఇల్లు వాగివతల. బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టాలన్నా, దొంగలెత్తుకపోకుండ ఉండాలన్నా ఇంటికి తేవాలె గద. నీ పెట్టెకు రెండెడ్లు గావాలె." అని లోపలికెళ్ళి, ఇప్పపువ్వు ఏరుకునే వెదురు గంప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిండ్ల పట్టాలె. అప్పుడు నెత్తిన పెట్టుకొని నేనే దాటిస్త."

ఆ గంప ఖమ్మం తెచ్చి నా టేబుల్ మీద పెట్టుకున్నాను. నా కెరీర్లో ఎన్నో స్పెసిఫికేషన్ కాగితాలు చూశాను, పేజీలకు పేజీలు. అంత తేటగా రాసినది ఇంకోటి చూడలేదు. ఆరు నెలలు ఆ గంపతోనే కుస్తీ పట్టాను.

పెట్టె చిన్నదయ్యేకొద్దీ లోపల వేల ఓల్టులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. దగ్గరైతే దూకుతాయి. దూకకుండా కాయిల్ మొత్తాన్ని ఆరితే రాయిలా గట్టిపడే జిగురులో, అంటే రెసిన్‌లో ముంచి గట్టిపరిచాను. దాంతో ఇంకో లాభం కలిసొచ్చింది. పాత పెట్టె సెకనుకోసారి టక్, టక్ అని కొట్టుకునేది. కొత్తది రెసిన్‌లో బిగుసుకుపోయి కిక్కురుమనకుండా పనిచేసింది. నాకు భలే గర్వంగా అనిపించింది. చప్పుడంటే వృథా అయిన శక్తి అని కాలేజీలో నేర్చుకున్నదాన్ని నేను.

మేస్త్రి మాత్రం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మొహం ముడుచుకున్నాడు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, కాయిల్ చుట్టడంలో ఆయన వేళ్ళకు సాటి లేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే చుట్టేవాడు.

"మేడం, దీని నోరు మూసిండ్రు" అన్నాడు.

"పనిచేసేవాళ్ళు చప్పుడు చెయ్యరు మేస్త్రీ" అన్నాను, ఆయనకు తగలాలనే.

"పిల్లి కూడ చప్పుడు చెయ్యది. అందుకే గద దాని మెడల గంట కట్టాలని ఎలుకలు మొత్తుకునేది."

"ముందర ఎర్ర లైటు పెట్టాను కదా. మినుకుతుంటే బతికున్నట్టు."

"గది మీకు నాకు. వాళ్ళకెట్ల తెలుస్తది?" అని గొణుగుతూ వెళ్ళి తన కాయిల్ ముందు కూర్చున్నాడు. నేను పట్టించుకోలేదు. సరిగ్గా గంపలో పట్టింది, పైగా రెండు వేళ్ళ సందు మిగిలింది. ఆ రెండు వేళ్ళ సందును వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను.

ఆషాఢం దాటాక, మొక్కజొన్న నడుమెత్తు ఉండగా పెట్టె పట్టుకెళ్ళి ఆ రైతు పొలం చుట్టూ తీగలు లాగించాం. ఊరంతా వచ్చింది. మిషన్ ఆన్ చేయబోతుంటే ఊరి పెద్ద చెయ్యెత్తి ఆపాడు. పండు ముసలాయన, నడుం వంగింది గానీ గొంతు వంగలేదు.

"ఆగు బిడ్డా. మా ఊళ్ళె కొత్త పెట్టకుంట మామిడికాయ కూడ కొరకం. చిక్కుడుకాయ గూడ అంతే. దేవరకు చూపెట్టి, ఒక పెద్ద ముందు రుచి చూస్తేనే మిగిలినోళ్ళు ముడతరు. ఇది ఎన్నడు మేం చూడంది. తెచ్చినోళ్ళే ముందు ముట్టాలె."

నాకు చాలా నచ్చిందా మాట. వంట చేసినవాళ్ళే ముందు రుచి చూడాలి, అందులో తప్పేముంది? పెట్టె మీద పసుపు పెట్టారు, కోడిని చూపెట్టారు. మీటరు తగిలించి చూసుకుని, నేను ముందుకెళ్ళి తీగ మీద చెయ్యేశాను. మోచేతి దాకా ఫట్‌మని ఒక దెబ్బ. ఎగిరి ఒక అడుగు వెనక్కి పడ్డాను. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. తర్వాత ఊరి పెద్ద ముట్టాడు, ఆయనా ఎగిరాడు. పిల్లలు వరస కట్టారు. ఆ ఊపులో నేను ఒక మాటన్నాను. "చూశారుగా, ఏం కాదు. నేనొచ్చిన ప్రతిసారీ మీ ముందర ముందుగా నేనే ముడతాను, సరేనా?" అన్నాను. అందరూ సరేనన్నారు.

ఆ మాట నాకు కొరివితో తల గోక్కున్నట్టవుతుందని అప్పుడు తెలియదు.

మూడు వారాల తర్వాత తనిఖీకి వస్తామని, చర్ల నుంచి వచ్చిపోయే ఊరి టీచరు ఫోనుకు కబురు పంపాం. మధ్యాహ్నానికి వస్తామన్నాం. కానీ నాకొక జబ్బు ఉండేది, చెప్పిన టైము కంటే ముందు వెళ్ళి వాళ్ళను ఉన్నపాటున చూడాలని. భద్రాచలంలో రాత్రి ఆగి, టెక్నీషియన్‌ను పొద్దున్నే లేపి బయల్దేరదీశాను. పర్ణశాల దారి దాటి, చర్ల దాటి, ఊరి వెనక వాగు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది కూడా కాలేదు. వాగులో మోకాలి లోతు నీళ్ళు. జీపు దాటదు. టెక్నీషియన్ సామాను సర్దుకుంటున్నాడు, మీటరు ఆ సామానులోనే ఉంది. నేను చెప్పులు చేత పట్టుకుని ముందు దాటేశాను.

మీకు చెబుతున్నాను కదా, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నేను నేర్పిన మొదటి పాఠం ఇది: ముందు మీటరు, తర్వాత చెయ్యి. షెడ్డు గోడ మీద నా చేత్తోనే రాసి పెట్టాను. ఆ గోడ నాతో పాటు వాగు దాటలేదు మరి.

నన్ను చూసి చేలల్లో ఉన్న పదిమంది పోగయ్యారు. ఊరి పెద్ద కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. అందరం పొలం దగ్గరికి నడిచాం. నాకు ఒక చిన్న తేడా కనిపించింది. పెట్టె ఉండాల్సిన గూడు మీద గంప బోర్లించి ఉంది. వానకేమో అనుకున్నాను. రైతు పొలం అవతలి చివర, కరెంటు స్తంభం వైపు గబగబా నడుస్తున్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు. పలకరింపుగా చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు.

"ఇదిగో, మాటిచ్చాను కదా, ముందు నేనే" అని అందరి వైపూ తిరిగి నవ్వుతూ చెయ్యి చాచాను.

నాకు గుర్తున్నది ఇంతే. మొక్కజొన్న ఆకులు విరుగుతున్న చప్పుడు. ఆయన చేలో అడ్డంగా, తన కంకులు తానే తొక్కుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. నోట మాట లేదు. చేతిలో ఎండు వెదురు కర్ర. తీగకూ నా వేళ్ళకూ మధ్య బెత్తెడు ఉందేమో, ఆ కర్ర నా మణికట్టు మీద పడింది. టప్‌మని ఎముక విరిగిన చప్పుడు నేనే విన్నాను. నేల మీద కూలబడ్డాను. నొప్పి కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే నన్ను కొడతాడా అని.

ఆయన నా వంక చూడను కూడా లేదు. అదే కర్రతో అందరినీ తీగ నుంచి వెనక్కి తోశాడు. వెనక్కి పరిగెత్తి, స్తంభం దగ్గర లైను మీది కొక్కేన్ని కర్రతో లాగి పడేశాడు. అది పడేటప్పుడు నీలం నిప్పురవ్వ లేచింది. నేను గీసిన ఏ యంత్రమూ అలాంటి నిప్పు వెయ్యదు. నాకు విషయం అర్థమైంది. 

 ఊరి పెద్ద రైతును పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. కొక్కెం పెట్టనని పెట్టె వచ్చిన రోజు ఊరి ముందు మాటిచ్చినవాడు ఆయన.

"ఎందుకు పెట్టినవ్‌రా?"

"పెట్టె సచ్చిందనుకున్న" అన్నాడు రైతు తల దించుకుని. "నాలుగొద్దుల కింద పందులొచ్చినయ్. మూడు సాళ్ళు దున్ని పోయినయ్. పెట్టెకు చెవి ఆనిచ్చి ఇన్న. ఏం లేదు. ఎలుగ్గొడ్డు పండుకున్నా గురక ఇనబడ్తది. దీనికి ఊపిరే లేకపాయె. ఈమెకు ఫోన్ జేద్దమంటే టవరందలే. పంట పోతాంటె సూసుకుంట కూసుంటనా? ఈమె పగటాల్లకు వస్తనన్నది గద, ఆలోపు తీసేద్దమనుకున్న."

"లైటు మినుకుతుంది కదా?" అన్నాను చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

ఆయన భార్య ముందుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, అయినా మాట సూటిగానే ఉంది. "వానకు తడుస్తదని గంప బోర్లిచ్చిన. లైటేడ కనపడ్తది?"

"పోనీ ఒకసారి ముట్టి చూస్తే తెలిసేది కదమ్మా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నువ్వే గద మాటిచ్చింది, వచ్చినప్పుడల్లా ముందు నువ్వే ముడతనని? ముందటిది నీదైనంక, నువ్వు రాకముందే మేమెట్ల ముడతం?"

 గంప తీసి చూశాను. పెట్టె నిక్షేపంగా పనిచేస్తోంది, ఎర్ర లైటు మినుకుతోంది. పొలం మూలలో అడవి తీగ ఒకటి కంచె మీదికి పాకి, ఆ మూల దెబ్బ పలచబడింది, పందులు అక్కడినుంచి దూరాయి. ఒక కత్తివేటుతో పోయే లోపం. అది తెలియక మనిషి కొక్కెం పట్టుకున్నాడు. తెలియకుండా చేసింది నేను. నోరున్న యంత్రానికి నోరు కుట్టింది నేను. ముట్టొద్దని పరోక్షంగా చెప్పి వెళ్ళింది కూడా నేనే.

ఇంతలో టెక్నీషియన్ వాగు దాటి వచ్చి, నా చెయ్యి చూసి, సంగతి విని మండిపడ్డాడు. ఇద్దరూ కలిసి నన్ను జీపెక్కించారు. ఇద్దరూ అంటే టెక్నీషియన్, రైతు. రైతు నా రెక్క పట్టుకుని వాగు దాటించి, నేను ఎక్కాక ఇంటికి పోకుండా తనూ జీపు వెనకాల కూర్చున్నాడు. భద్రాచలం దాకా దారంతా గతుకులే. ఒక్కో గతుక్కీ నాకు ప్రాణం పోతోంది.

"మేడం, పోలీస్ స్టేషన్ల ఆపుతా. కేసు పెట్టాలె. కరెంటు దొంగతనం ఒకటి, మీ చెయ్యి ఇరగ్గొట్టుడు ఒకటి" అన్నాడు టెక్నీషియన్.

వెనకనుంచి రైతు, "అవ్, పెట్టుండ్రి" అన్నాడు నెమ్మదిగా. "నేనే వస్త. పారిపోను."

"అరవచ్చు కదయ్యా? కర్రెందుకు?" అన్నాను నేను, నొప్పికి పళ్ళు బిగపట్టి.

"అరిస్తె నువ్వు నా దిక్కు సూస్తవ్, చెయ్యి ఆగది. గుంజుదమంటె, అప్పటికే నువ్వు తగిలి ఉంటె ఇద్దరం పోతం. ఎండు కర్రైతె అది పట్టది."

ఒక సెకనులో ఆయన చేసిన ఆలోచన అది. నేను మూడు దశాబ్దాలుగా నేర్పుతున్న భద్రతా పాఠాలన్నీ అందులో ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి లాగొద్దు, ఎండు కర్రతో తప్పించు. ఆయన ఆ రోజు నన్ను కొట్టి తన దొంగతనం తానే బయటపెట్టుకున్నాడు. ఊరుకుని, తర్వాత కొక్కెం తీసి దాచేస్తే పెట్టెదే తప్పని లోకం అనుకునేది, ఆయన పేరు ఎక్కడా వచ్చేది కాదు. అది ఆయనకు తెలియదనుకున్నారా?

"దవాఖానాకు పోనీ" అన్నాను టెక్నీషియన్‌తో. "స్టేషన్ సంగతి నేను చూసుకుంటాను."

చూసుకున్నాను, అంటే వెళ్ళలేదు. దవాఖానాలో డాక్టరు ఎలా జరిగిందంటే కర్ర తగిలిందని చెప్పాను. నిజమే చెప్పాను. కంపెనీకి ఇచ్చిన రిపోర్టులో మాత్రం జరిగిందంతా రాశాను, కొక్కెంతో సహా. లోపం అన్నచోట "డిజైనర్ నిర్ణయం వల్ల యంత్రం పనిచేస్తున్నట్టు వాడేవాళ్ళకు తెలిసే మార్గం లేకపోవడం" అని ఎడమ చేత్తో, కోడిగీతల అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. మా మేనేజింగ్ డైరెక్టరు పిలిచి, "మన తప్పని రాసుకోవాలా మేడం?" అన్నాడు. "మనది కాదు సార్, నాది" అన్నాను. ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టుకుని, ఎన్నాళ్ళు కావాలని మాత్రం అడిగాడు.

కట్టుతో షెడ్డుకొచ్చిన రోజు మేస్త్రి నా చెయ్యి వంక చూసి, "మీక్కూడ రెసిన్ పోసిండ్రా మేడం" అన్నాడు. నవ్వలేక నవ్వాను. తను చెప్పిన మాట వినలేదేమని ఆయన ఒక్కసారి కూడా దెప్పలేదు. అది దెప్పడం కంటే గట్టిగా తగిలింది. "మేస్త్రీ, దీనికి గంట కట్టాలి" అన్నాను. ఆయన అప్పటికే కట్టేసి ఉంచాడు. బిస్కెట్ డబ్బా మూత నుంచి కత్తిరించిన చిన్న రేకు ముక్క. కాయిల్ పక్కన ఆనిస్తే, పల్సు వచ్చిన ప్రతిసారీ అది లాగబడి టక్‌మని కొట్టుకుంటుంది. పల్సు లేకపోతే చప్పుడు లేదు. నేను దానికి ఇంకొకటి చేర్చాను. బ్యాటరీ నీరసపడితే చప్పుడు కూడా నిదానించేలా పెట్టాను. పెట్టె రెండు వేళ్ళు లావైంది. గంపలో మిగిలిందని నేను మురిసిపోయిన ఆ రెండు వేళ్ళ సందు ఇందుకేనేమో.

పదిహేను రోజుల్లో, కట్టు విప్పకముందే మళ్ళీ ఆ ఊరెళ్ళాను. ఈసారి చెప్పిన టైముకే వెళ్ళాను. పెట్టె గూట్లో పెట్టి ఆన్ చేశాం. టక్. టక్. టక్. మాటలాగిపోయి అందరూ విన్నారు. రైతు భార్య దూరంగా, కాపలా గుడిసె దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఈడికి ఇనబడ్తాంది" అని అరిచింది. ఇంకొంచెం దూరం వెళ్ళి మళ్ళీ అరిచింది.

అందరి ముందరా మీటరు తీగకు తగిలించి చూపించాను. ముందు మీటరు, తర్వాత చెయ్యి అని బిగ్గరగా చెప్పాను. చెప్పి ముందుకెళ్ళబోతే రైతు అడ్డం వచ్చాడు.

"ఈసారి ముందు నేను ముడత."

"అదెట్లా? తెచ్చిందాన్ని నేను కదా" అన్నాను.

"మొదటిది నువ్వు జేసినవ్. గీ చప్పుడు నా మూలంగ వచ్చింది. ఇది నాది గూడ."

ఇద్దరం ఊరి పెద్ద వైపు చూశాం. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇద్దరు జేసినంక ఇద్దరు ముట్టాలె" అని తేల్చాడు. నాకున్నది ఒకటే మంచి చెయ్యి. ఆ చెయ్యి రైతు పట్టుకున్నాడు, కర్ర పట్టిన చేత్తోనే. రెండో చెయ్యి తీగ మీద వేశాడు. ఫట్‌మని ఇద్దరికీ ఒకేసారి తగిలింది. ఇద్దరం ఎగిరి బురదలో కూలబడ్డాం. ఊరు నవ్వుతోంది. నేను ఏడ్చాను, నొప్పికి కాదు. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

"కొట్టింది. ఇడిచిపెట్టింది" అన్నాడు ఊరందరికీ వినబడేలా.

అప్పుడు రైతు లేచి వాగు దాటి ఇంటికెళ్ళి తన కొక్కేన్ని, తీగ చుట్టను తెచ్చి ఊరి పెద్ద కాళ్ళ ముందు పడేశాడు.  తర్వాత ఇంకొకాయన ఇంటికెళ్ళాడు. తర్వాత మరొకాయన. ఆ రోజు ఏడు చుట్టలు పడ్డాయి. ఆ ఊళ్ళో అంతకంటే ఎక్కువ ఉన్నాయని నాకు తెలుసు, ఊరి పెద్దకు ఇంకా బాగా తెలుసు. మిగిలినవి ఆ పంట ఇంటికొచ్చేలోపు పడ్డాయట. ఆ ఊళ్ళో ఆ తర్వాత తీగ మీద ఎవరూ చావలేదు. ఈ మాట రాసేటప్పుడు నేను గర్వపడుతున్నాను, దాచుకోను.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నా నన్ను చూడటానికి కొత్త పిల్లలు నాజూకైన యంత్రాలు పట్టుకొస్తారు. ఫోనంత సన్నగా, చప్పుడు లేకుండా. బాగున్నాయి అంటాను. ఒక్కటే అడుగుతాను, ఇది బతికుందని వాగవతల ఉన్నావిడకు ఎట్లా తెలుస్తుందని. కొందరు నవ్వేస్తారు. కొందరు ఇంటికెళ్ళి మళ్ళీ గీసుకొస్తారు. నాకు ఆ రెండోవాళ్ళే ఇష్టం.

ఇప్పుడా ఊళ్ళో టవరు అందుతోంది, పెట్టెకు ఎండతో బ్యాటరీ నింపే సోలార్ ప్యానెల్ కూడా వచ్చింది. వానాకాలంలో ఎప్పుడైనా పొద్దున్నే రైతు భార్య ఫోన్ చేస్తుంది. హలో అనదు, బాగున్నావా అనదు. ఫోను తీసుకెళ్ళి పెట్టె దగ్గర పెడుతుంది. టక్... టక్... అని వినిపిస్తుంది. నేను నా గోడ గడియారం చూస్తూ లెక్కపెడతాను. మొన్న అలాగే చేసింది. చప్పుడు కాస్త నిదానంగా ఉంది.

"ప్యానెల్ మీద ఆకులు పడ్డట్టున్నాయి, తుడువమ్మా" అన్నాను.

ఆకులు దులుపుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చప్పుడు తేరుకుంది. ఫోను చేతులు మారి, రైతు గొంతు వినిపించింది.

"మేడం, వాన వడ్తాంది. చెయ్యి గుంజుతాందా?"

"గుంజుతోంది" అన్నాను.

"గుంజనీ" అన్నాడాయన. "బతికున్నట్టు తెలుస్తది."